అత్తగారు రాసిన పాడు ఊహ

ఆ గదిలోకి వెళ్ళాలంటే ముందు ఫోను తలుపు బయటి గూట్లో పెట్టాలి. తర్వాత వేలు ఆనించాలి, కన్ను చూపించాలి. లోపల అడుగు పెట్టగానే తలుపు దానంతటదే మూసుకుంటుంది. కిటికీలు లేవు. మాట బయటికి పోకూడదని గోడల నిండా బూడిదరంగు గుడ్డ అంటించారు. బయటికి పోవడం మాట అటుంచి, లోపల కూడా మనిషి మాట మనిషికి సరిగా చేరదు. పక్కవాణ్ణి పిలవాలంటే కుర్చీతో సహా జరగాలి. ఏసీ మాత్రం ఎవరినీ అడక్కుండా అందరి ఎముకల్లోకీ చేరుతుంది.

అక్కడ చేసే పనికి పెట్టుకున్న పేరు గొప్పది. పరిశోధన, సమాచార విశ్లేషణ. విడమరిచి చెబితే వాకబు, అంతే. ఏదో సంస్థ ఒక మనిషిని నమ్మకమైన చోట కూర్చోబెట్టాలనుకుంటుంది. అతను ఎలాంటివాడు, ఇదివరకు ఎక్కడ ఏం చేశాడు, ఎవరితో తిరుగుతాడు, తవ్వి చెప్పమని ఈ ఆఫీసుకు పురమాయిస్తుంది. వీళ్ళు తవ్వి చెబుతారు. తాను తవ్వబడ్డానని ఆ మనిషికి తెలియదు. తెలియకూడదు కూడా. చేరిన రోజునే అందరి చేతా ప్రమాణం చేయించి సంతకం పెట్టించుకుంటారు: ఇక్కడ చూసింది కట్టుకున్నవాడికి కూడా చెప్పనని.

ఆమె అక్కడ పాతకాపు. వాకబు అంటే కాళ్ళు అరగదీసుకోవడమే అయిన రోజుల్లో చేరింది. మెట్లమీద కూర్చుని, టీకొట్టు బెంచీమీద కూర్చుని, "ఆయన సంగతి మాకెందుకమ్మా" అని మొహం తిప్పుకున్నవాడి చేతే అరగంట మాట్లాడించేది. ఆవలి మనిషి గొంతు ఎక్కడ సన్నబడిందో విని, ఏది అబద్ధమో చెప్పేది. ఆ తిరుగుడు ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఆమె పొద్దున్నుంచీ తెర ముందే.

ఆఫీసుకి ఏఐ వచ్చిన కొత్తలో పైవాళ్ళు దాని చుట్టూ తిరిగిన తీరు చూసి ఎవరో దానికి 'అల్లుడు' అని పేరు పెట్టారు. అడిగిందల్లా తెచ్చి పెట్టాలి, ఎదురు చెప్పకూడదు, తప్పు చేసినా అలకబూనకుండా చూసుకోవాలి. "అల్లుడుగారు ఏం సెలవిచ్చారు?" అన్నది ఆ గదిలో రోజూ వినపడే మాట. అల్లుడు పనిమంతుడు కాదనడానికి లేదు. నలుగురు వారంపాటు చదివితే గానీ తేలని కాగితాలు గుటుక్కున మింగి, మధ్యాహ్నానికి రిపోర్టు డ్రాఫ్టు చేతిలో పెడతాడు. ఏ కంపెనీ వెనక ఏ బావమరిది దాక్కున్నాడో చటుక్కున పట్టేస్తాడు. చిక్కల్లా ఒకటే. తెలిసిందీ తెలియందీ ఒకే గొంతుతో చెబుతాడు. సన్నబడే గొంతు కాదు అది.

అందుకని డ్రాఫ్టులు చదివి వంకలు పెట్టే పని ఆమెకు ఇచ్చారు. అల్లుణ్ణి నెత్తిన పెట్టుకోవాల్సింది పోయి తప్పులెంచే మనిషి కనక ఆమె 'అత్తగారు' అయింది. నలభై దాటాయో లేదో, ఆఫీసు మొత్తానికీ అత్తగారు. ఆ పేరు పెట్టింది పక్క సీటు మనిషి. ఏసీ చల్లదనానికి పూటకో పాతిక తుమ్ములు తుమ్ముతాడు కాబట్టి అతను 'తుమ్ములాయన'. సెక్షన్ పెద్దను మాత్రం మొహంమీద సార్ అనీ, చాటున 'రూల్సు' అనీ అంటారు.

ఆ ఆఫీసుకి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. రెండూ ఆఫీసు పెట్టిన ముసలాయన నేర్పి వెళ్ళినవే. ఒకటి, రెండు నోళ్ళు. ఏ సంగతైనా ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల వినపడితేనే రిపోర్టులో రాయాలి. రెండోది పాడు ఊహ. ఫైలు మూసేముందు, ఆ మనిషి గురించి అనుకోగలిగినంత చెడ్డగా అనుకుని ఒక పేజీ రాయాలి. దొంగే అయితే ఎలా దొంగిలించి ఉంటాడు, ద్రోహే అయితే ఎవరికి అమ్ముడుపోయి ఉంటాడు, అంతా. తర్వాత ఒక్కో ముక్కా నిజమేనా అని వెతకాలి. దొరకలేదా, ఆ పేజీ ముసలాయన ముందు చింపి బుట్టలో వేయాలి. "మనసులో ఉన్న మురికి కాగితం మీదికి రావాలి, కాగితం మీది మురికి బుట్టలోకి పోవాలి" అనేవాడు. చింపేటప్పుడు ఆ చప్పుడు తన చెవిన పడాలనేవాడు.

అల్లుడు వచ్చాక పాడు ఊహ కూడా అతనితోనే రాయించడం మొదలైంది. మనం నాలుగు ముక్కలు చెబితే అతను నలభై అల్లుతాడు. ముసలాయన లేడు, కాగితం లేదు, బుట్ట లేదు. చింపే పని ఎవరికీ గుర్తు రాలేదు. ఊహలన్నీ భద్రంగా భోషాణంలోకి పోయాయి. భోషాణం అంటే ఆఫీసు పాత సరుకంతా ఉండే చోటు. అల్లుడు ఏ రిపోర్టు రాయాలన్నా ముందు అక్కడే చెయ్యి పెడతాడు.

ఇక అసలు సంగతి.

ఆ రోజు ఆమె తెరమీదికి వచ్చిన డ్రాఫ్టులో మనిషికి పేరు లేదు. అక్కడ ఎవరికీ ఉండదు, నంబరే. విమానాశ్రయం సరుకుల విభాగంలో కంట్రోల్ రూము షిఫ్టు ఇన్‌చార్జి ఉద్యోగానికి ఎంపికైన వ్యక్తి. ఇదివరకు కోల్డ్ స్టోరేజీలో ఆపరేటరు. ప్రస్తుతం పార్సిల్ గోడౌన్‌లో తాత్కాలికం. భార్య బట్టలు సరిచేసి కుట్టి ఇస్తుంది. ఒక కూతురు. అద్దె ఇంట్లో పై వాటా. కింద వాటాలో అన్న, కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. వదిన, ప్రైవేటు ఉద్యోగి.

ఆ చివరి రెండు మాటల దగ్గర ఆమె కళ్ళు ఆగాయి. ప్రైవేటు ఉద్యోగి. అంటే తను.

మరిది ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడని ఆమెకు తెలుసు. ఆ వాకబు తమ ఆఫీసుకే వస్తుందని ఊహించలేదు. వెంటనే తెర ఆపేసి, 'ఈయన మావాడు' అని రూల్సుకి చెప్పాలి. నియమం అదే. చెప్పేదే. కానీ చూపు అప్పటికే కింది పేరా మీద పడింది.

'కోల్డ్ స్టోరేజీలో పనిచేసిన కాలంలో సరుకు రాకపోకల వివరాలు బయటివారికి చేరవేశాడని బలమైన అనుమానం. కాగితం వాడకుండా అరచేతి మీద అంకెలు రాసుకుని గేటు దాటేవాడు. రెండు ఆధారాలు ధ్రువీకరిస్తున్నాయి.'

అరచేతి మీది అంకెలు ఆమెవే. ఆమె రాసినవే.

చాన్నాళ్ళ కిందట ఆ కోల్డ్ స్టోరేజీ కంపెనీ మీద ఒక ఫైలు వచ్చింది. మనుషుల మీద కాదు, కంపెనీ మీద. మరిది అప్పటికే అక్కడ మానేశాడు. పాడు ఊహ రాయాల్సి వచ్చినప్పుడు, లోపలి లెక్కలు బయటికి పోతే ఎవరి ద్వారా పోతాయి అని ఆలోచించింది. షిఫ్టు ఆపరేటరు ద్వారా. ఎలా తీసుకెళ్తాడు? అప్పుడు ఆమెకు భోజనాల దగ్గర మరిది కడుక్కోకుండా చాపే చెయ్యి గుర్తొచ్చింది. లోపలి గదుల్లో కాగితం చెమ్మగిల్లి చిరిగిపోతుందని, గదుల చల్లదనం అంకెలు అరచేతిలో పెన్నుతో రాసుకునేవాడు. ఆ చెయ్యిని తీసుకెళ్ళి ఊహలో పెట్టింది. ఊహకి ప్రాణం వచ్చింది. తుమ్ములాయన చదివి, "అత్తగారూ, మీరు దొంగతనానికి దిగితే దేశం తట్టుకోలేదు" అని మెచ్చుకున్నాడు కూడా. తర్వాత వెతికితే కంపెనీ మీద ఏ మచ్చా దొరకలేదు. ఫైలు మూశారు. ఊహ మాత్రం మిగిలింది.

అది నిజమెలా అయిందో ఆమెకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అల్లుడు పేజీని పేజీగా తినడు, ముక్కలు చేసి మింగుతాడు. పైన ఉన్న 'పాడు ఊహ' అన్న శీర్షిక ఒక ముక్కలో పోయింది, కింది కథ ఇంకో ముక్కలో పోయింది. కథ ముక్కకి తల లేదు. తల లేని ముక్కను అల్లుడు తర్వాతెప్పుడో ఇంకో రిపోర్టులో వాడాడు. ఆ రిపోర్టు కూడా భోషాణంలోకే పోయింది. ఇప్పుడు ఆ కోల్డ్ స్టోరేజీలో ఆపరేటరుగా చేసిన మనిషి ఫైలు రాగానే ఆ కథంతా అతనికి తగిలించాడు. రెండు నోళ్ళు. రెండూ ఆమె నోరే.

మరిదికి వచ్చే ఏడు ఇలాంటి ఉద్యోగాలకి వయసు దాటిపోతుంది. ఈ రిపోర్టు ఇలాగే పోతే ఉద్యోగం రాదు. ఎందుకు రాలేదో చెప్పేవాడు ఉండడు.

నియమం ప్రకారం ఇప్పుడు బంధుత్వం చెబితే ఫైలు ఆమె చేతిలోంచి పోతుంది, ఆ పైన ఆమె ఏం చెప్పినా బంధువు మాట కింద కొట్టేస్తారు. చెప్పకపోతే నియమం మీరినట్టు. చెబితే నోరు పోతుంది, చెప్పకపోతే నీతి పోతుంది. ఆమె మధ్యదారి పట్టింది. తిన్నగా రూల్సు గాజుగదిలోకి వెళ్ళింది.

"సార్, పాత పాడు ఊహలు భోషాణంలో ఉండిపోయాయి. అల్లుడు, అదే, ఏఐ వాటిని నిజమనుకుంటోంది. తీసేయాలి."

రూల్సు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎక్కడైనా తగిలిందా నీకు?"

"తగలకముందే చెబుతున్నా."

"తీసేయడం కుదరదమ్మా. చెరిపే బటనే లేదు, కావాలని పెట్టలేదు. ఒకటి చెరిపితే దాని మీద రాసిన రిపోర్టులన్నీ ఎక్కడివని క్లయింట్లు నిలదీస్తారు. అప్పుడు నేనెవరికి చెప్పుకోను?"

"పోనీ పాత చోట్లకి ఒక్కో ఫోన్ చేసి కనుక్కోనివ్వండి. ఒక మనిషి గొంతు వింటే తేలిపోతుంది."

"ఫోన్ చేస్తే వాకబు జరుగుతోందని బయట తెలుస్తుంది. ఒప్పందంలో అది లేదు." ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆమెను పరీక్షగా చూశాడు. "ఏ ఫైలు గురించి చెబుతున్నావు? నీకు తెలిసినవాళ్ళదా?"

"ఊరికే, పద్ధతి గురించి సార్."

ఆమె సీటుకి వచ్చి కూర్చుంది. ఇక మిగిలింది అల్లుడే. 'అరచేతి అంకెల మాట కేవలం ఊహ. అలాంటి అనుమానం ఎవరికీ లేదు. తీసెయ్యి' అని టైపు చేసింది. అల్లుడు వినయంలో ఎవరికీ తీసిపోడు. 'మీరు చెప్పింది సరైనదే, సరిదిద్దాను' అన్నాడు. వాక్యం మాయమైంది. ఆమె తర్వాతి ఫైలు తెరిచింది.

మర్నాడు క్లయింటు ఏదో అదనంగా అడిగితే డ్రాఫ్టు మళ్ళీ తయారైంది. వాక్యం ఉన్న చోటే ఉంది. చిన్న మార్పు: 'మూడు ఆధారాలు ధ్రువీకరిస్తున్నాయి.' మూడోది ఏమిటని చూస్తే, సీనియర్ పరిశోధకురాలు ఒకరు ఈ అనుమానాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి చర్చించారట. నిన్న. అంటే కాదని ఆమె మొత్తుకున్న మాట కూడా అవుననే లెక్కలో చేరింది. ఊబిలో దిగినవాడు కాలు విదిలిస్తే ఏమవుతుందో ఆమెకు తెలిసొచ్చింది.

తెరవైపే చూస్తూ ఉండిపోయింది. తుమ్ములాయన ఒక తుమ్ము తుమ్మి, "ఏంటత్తగారూ, అల్లుడు మళ్ళీ అలిగాడా?" అన్నాడు.

"అలగడం కాదు. కాపురం పెట్టాడు."

ఆదివారం మధ్యాహ్నం రెండు వాటాలవాళ్ళూ కింద కలిసి తింటారు. మరిది మంచి హుషారుగా ఉన్నాడు. గోడౌన్‌లో తనని కొత్త సూపర్‌వైజరు మూడు పేర్లతో పిలిచాడని, మూడింటికీ తను పలికానని చెప్పి అందరినీ నవ్వించాడు. ఆమె అతని చేతుల వంక చూడకుండా తినడానికి తంటాలు పడుతోంది.

"వదినా, విమానాశ్రయంవాళ్ళు మన గురించి బయట ఎంక్వైరీ చేయిస్తారట. ఎవరైనా ఇక్కడికొచ్చి అడిగితే నేను చాలా మంచివాణ్ణని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు, నీది అబద్ధం తెలియని మొహం."

"ఎవరూ రారు."

"నీకెలా తెలుసు?"

ఆమె మంచినీళ్ళు తాగింది. "ఈ రోజుల్లో ఎవడొస్తాడు ఇళ్ళకి."

"ఇంతకీ నీ ఆఫీసులో ఏం చేస్తావో ఇవాళైనా చెప్పు. అన్నయ్యా, నీకైనా చెప్పిందా?"

"నాకు చెబితే అద్దాలకొచ్చిన ప్రతివాడికీ చెబుతానని దానికి తెలుసు" అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండా.

తోడికోడలు నవ్వింది. "అక్క చెప్పదు గానీ మనం చెప్పేవి మాత్రం ఒక్క ముక్క పోనివ్వదు. పోయినేడు నేనేమన్నానో నాకే గుర్తుండదు, అక్క అప్పజెబుతుంది."

ఎవరూ తప్పుపట్టలేదు, అందరూ ముద్దుగానే అన్నారు. అయినా ఆమెకు ఆ భోజనాల గది కూడా కిటికీలు లేని గదిలాగే అనిపించింది. అక్కడి మాట ఇక్కడ చెప్పకూడదు. ఇక్కడి మాట అక్కడ చెప్పింది.

"ఏంటి వదినా, అలా ఉన్నావు?" అన్నాడు మరిది. "ఉద్యోగం రాదనా నీ బెంగ? రాకపోతే గోడౌన్ ఉందిగా. మూడు పేర్లతో బతికేస్తా."

సోమవారం వెళ్ళగానే ఆమె రూల్సుకి రాతపూర్వకంగా ఇచ్చేసింది. ఆ ఫైలు తన మరిదిదనీ, అందులోని అనుమానం తాను పాడు ఊహగా అల్లినదేననీ, దానికి ఏ ఆధారమూ లేదనీ.

రూల్సు రెండుసార్లు చదివాడు. కోపం తెచ్చుకోలేదు. ఆయన కోప్పడితేనే నయంగా ఉండేది.

"మొన్న పద్ధతి గురించన్నావు."

"అవును సార్."

"ఇప్పుడు నువ్వు బంధువ్వి. ఇందులో రాసిన మొదటి మాట నేను తీసుకుంటా, అది నియమం. మిగతా రెండు మాటలు తీసుకోను, అదీ నియమమే. బంధువు మంచి చెప్పినా ఒకటే, చెడు చెప్పినా ఒకటే. మనమందరం మన వాళ్ళ గురించి ఇలాగే రాసిస్తాం కదమ్మా, నువ్వే చెప్పు."

ఆమెకు ఆయన్ని తప్పుపట్టడానికి సందు దొరకలేదు. తనే ఆ కుర్చీలో ఉంటే అదే మాట అనేది. రాసిచ్చిన కాగితాన్ని ఆయన స్కానింగుకి పంపాడు. కొట్టేసిన కాగితమైనా సరే, ఆ ఆఫీసులో ఏదీ భోషాణంలో పడకుండా ఉండదు.

ఆమెను బయటి గదికి మార్చారు. పాత పత్రికల కట్టలు, చక్రం విరిగిన కుర్చీ, గుడ్డ అంటించని గోడలు. ఫైలు తుమ్ములాయన చేతికి వెళ్ళింది. ఇలాంటప్పుడు ఇంకో నియమం ఉంది: బంధుత్వం వెంటనే చెప్పకుండా దాచినవాళ్ళ మీద, ఫైలు కొత్తగా తీసుకున్న మనిషి ఒక పాడు ఊహ రాయాలి. వాళ్ళేమైనా మార్చారా, బయటపెట్టారా అని.

ఆమె టీ మిషన్ దగ్గర ఉండగా తుమ్ములాయన వచ్చాడు. అక్కడే ఫోన్ల గూళ్ళు. అక్కడ మాట్లాడుకోవచ్చు. కప్పు చేత్తో పట్టుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు.

"మీ మీద రాయమన్నారత్తగారూ."

"తెలుసు. రాయండి."

"ఏం రాయను? మీ గురించి చెడ్డగా అనుకోమంటే నాకేమీ తోచట్లేదు. పొద్దున్నుంచీ ఖాళీ తెర చూస్తూ కూర్చున్నా. ఆయనేమో సాయంత్రానికి కావాలంటాడు."

ఆమె టీ తాగుతూ ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ పనిలో నలిగిన బుర్ర. ఒక్కసారిగా దారి కనపడింది. కనపడగానే దాని చివర ఏముందో కూడా కనపడింది.

"నేను చెబుతా, రాసుకోండి."

"మీ మీద మీరే చెబుతారా?"

"నాకంటే బాగా ఎవరు చెబుతారు? వినండి. కోల్డ్ స్టోరేజీ ఆపరేటరు ఏ తప్పూ చేయలేదు. అతని మీది అనుమానమంతా పరిశోధకురాలు కల్పించింది. భోజనాల దగ్గర అతను చెప్పిన పని కబుర్లలోంచి అరచేతి అంకెలు ఎత్తుకొచ్చి నేరంలా మార్చింది. అతను రాసుకున్నవి గదుల చల్లదనం అంకెలు, రోజూ చేయాల్సిన పనే."

తుమ్ములాయన తుమ్మబోయి ఆపుకున్నాడు. అతను తెలివితక్కువవాడేం కాదు. అల్లుడు ఊహలు ఎలా మింగుతాడో అతనికీ తెలుసు.

"అత్తగారూ."

"మొత్తం ఒకే పేరాలో పెట్టండి. విరగ్గొట్టొద్దు. ముక్క తెగినా అంతా ఒక్కచోటే ఉండాలి."

"ఇది నమ్మాలంటే కారణం ఉండాలి కదా" అన్నాడతను మెల్లిగా. "ఎందుకు కల్పించింది?"

నిజమే. కారణం లేని ఊహ నిలబడదని అతనికి నేర్పింది ఆమే. మూసి ఉన్న తలుపు వైపు చూస్తూ వెతికింది. కారణం తనలోపలే ఎక్కడో దొరకాలి. అప్పుడే అతుకుతుంది.

"అసూయ. ఒకే ఇంట్లో రెండు వాటాలు. పై వాటాకి గాలీ వెలుతురూ ఉంటాయి, కింద వాటాలో పగలు కూడా లైటు వేసుకోవాలి. పెద్దకోడలిగా పై వాటా తనకి రావాలనుకుంది. చిన్నవాడికి దక్కింది. ఆ కడుపుమంట ఎవరికీ చెప్పుకోలేదు, మొహానికి తెలియనివ్వలేదు. చేతికి దొరికిన చోట తీర్చుకుంది."

తుమ్ములాయన కప్పు కింద పెట్టాడు.

"ఇది అబద్ధం కదా?"

"రాసుకోండి."

"అంతా అబద్ధమేనా?"

ఆమె కప్పు కడిగి బోర్లించింది. కింద వాటాలో చేరిన మొదటి ఎండాకాలం గుర్తొచ్చింది. మేడమెట్లు ఎక్కుతున్న తోడికోడలి కాళ్ళ పట్టీల చప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు తను ఏమనుకుందో తనకే తెలియదు. ఇప్పుడింత చక్కగా చెప్పాక, అలాగే అనుకుందేమో అనిపిస్తోంది. చిన్న చిన్న వివరాలు పెడితే ఏదైనా నిజంలా ఉంటుంది. అది ఆమె విద్య.

అల్లుడు రెండు రోజుల్లో మాట మార్చాడు. కొత్త డ్రాఫ్టులో 'వ్యక్తిపై గతంలో నమోదైన అనుమానం నిరాధారం. అది ఒక పరిశోధకురాలు వ్యక్తిగత అసూయతో కల్పించినదని రెండు ఆధారాలు ధ్రువీకరిస్తున్నాయి' అని వచ్చింది. ఒక నోరు తుమ్ములాయన రాసిన పాడు ఊహ. రెండో నోరు, బంధువు మాట అని రూల్సు కొట్టేసిన ఆమె కాగితమే. రూల్సు చెల్లదన్నదాన్ని అల్లుడు చెల్లించుకున్నాడు. రెండు నోళ్ళున్నాయి కనక రూల్సు సంతకం పెట్టాడు. రిపోర్టు వెళ్ళిపోయింది.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేయలేదు. "ఊహ పట్టుకుని తీసేయడం మొదలెడితే ఈ గదిలో ఎవరం మిగలం" అన్నాడట రూల్సు. అలాగని లోపలికీ పిలవలేదు. తలుపు దగ్గర ఆమె వేలు ఇక పనిచేయదు. బయటి గదిలో పాత పత్రికలు కత్తిరించి అట్టలకి అంటించే పని ఇచ్చారు. లోపల భోషాణంలో మాత్రం ఆమె ఉంది, సొంతవాళ్ళ మీద కసితో అబద్ధాలు కల్పించే మనిషిగా. చెరిపే బటన్ లేదు.

మరిదికి ఉద్యోగం వచ్చింది. ఉత్తర్వు పట్టుకుని భార్యతో సహా తిన్నగా కిందికే వచ్చాడు.

"వదినా, ఎంక్వైరీలో నన్ను కడిగిన ముత్యమని రాశారట. ఆ రాసినవాళ్ళెవరో గానీ వాళ్ళ కడుపు చల్లగుండాలి."

"ఉంటుందిలే" అంది.

"ఇంకో సంగతి. విమానాశ్రయం దగ్గరే క్వార్టరు ఇస్తారు. వచ్చే నెల వెళ్ళిపోతాం. పై వాటా మీరు తీసుకోండి, ఇంటాయనతో మాట్లాడేశా. సరే అన్నాడు."

భర్త మొహం విప్పారింది. "పగటిపూట లైటు వేసుకునే బాధ తప్పుతుంది. రేపే సర్దడం మొదలెడదాం."

"వద్దు" అందామె.

ముగ్గురూ ఆమె వంక చూశారు. తోడికోడలు దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "అదేంటక్కా, నువ్వు పైకి వచ్చినప్పుడల్లా ఆ కిటికీ దగ్గరే కూర్చుంటావు కదా. నీ కోసమే ఈయన పట్టుబట్టి అడిగొచ్చారు."

"మెట్లు ఎక్కలేను. కింద అలవాటైపోయింది."

"నీకేమొచ్చింది, గుర్రంలా ఉన్నావు" అన్నాడు భర్త. "ఎన్నేళ్ళ నుంచి కింద ఉక్కపోతని సణుగుతున్నావు? ఇప్పుడు ఇంట్లోకే నడిచొస్తే వద్దంటావేంటి?"

ఏం చెబుతుంది? పైకి మారితే, కడుపుమంట పడ్డ మనిషి కోరింది దక్కించుకున్నట్టే. ఇప్పటిదాకా అది ఊహ. ఆ కిటికీ పక్కన మంచం వేసుకున్న రోజున రెండో నోరు దొరుకుతుంది. ఎవరికి దొరుకుతుంది? అల్లుడు ఇంటికొచ్చి చూడడు. చూసేది తనే.

"నాకు వద్దంతే" అని లోపలికి వెళ్ళి లైటు వేసుకుంది. బయట మరిది గొంతు వినిపించింది: "నేనేమైనా తప్పు మాట్లాడానా అన్నయ్యా?"

మరిదివాళ్ళు క్వార్టరుకి వెళ్ళిపోయాక ఇంటాయన పై వాటా తాళం ఆమెకే అప్పజెప్పాడు, ఎవరైనా చూడటానికొస్తే చూపించమని. మొదటి ఆదివారమే ఒక జంట వచ్చింది. ఆమె తలుపు తీసి, కిటికీ రెక్కలు తెరిచి పక్కకి నిలబడింది. గాలి జువ్వున లోపలికొచ్చింది. ఆ అమ్మాయి కిటికీ దగ్గరికి పరుగెత్తినంత పని చేసింది. భర్త గోడలు తడిమి చూశాడు, కుళాయిలు తిప్పి చూశాడు. కలుపుగోలు మనిషిలా ఉన్నాడు.

"మాకు బాగా నచ్చిందండీ. నేను ఆ పక్క వీధి ల్యాబులో పనిచేస్తా, రోజూ శాంపిల్సు..."

"అవన్నీ ఇంటాయనతో చెప్పుకోండి బాబూ" అని ఆమె మధ్యలోనే ఆపేసింది. "నాకేమీ చెప్పొద్దు."

అతను బిత్తరపోయి భార్య వంక చూశాడు. ఆమె అప్పటికే తాళం చెవి చేతిలో పట్టుకుని, వాళ్ళు ఎప్పుడు బయటికొస్తారా అని గుమ్మం అవతల నిలబడి ఉంది.